జీడి పనికి వెళ్ళే తల్లుల పసిపిల్లల కోసం అర్జీ పెట్టాలంటే అందులో ఏం రాయాలి?

టీచరు గారూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పలాస దగ్గర మీరు పనిచేసే చిన్న ఊరి ఆడవాళ్ళు తెల్లారకముందే జీడి పరిశ్రమలకి వెళ్ళిపోతున్నారు. నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లలు తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ ఎత్తుకుని ఇంట్లో ఉండిపోతున్నారు. అంగన్‌వాడీ ఉన్నది పక్కనున్న పెద్ద ఊళ్ళో, అంత దూరం పిల్లల్ని దింపే తీరిక ఎవరికీ లేదు. "మాకూ అంగన్‌వాడీ కావాలని కలెక్టర్ గారికి అర్జీ పెడితే పనవుతుందా, లేక ఎవరైనా దాతని పట్టుకుని ప్లే స్కూల్ పెట్టించడం మేలా?" అన్నారు.

నేను అటువైపే ఒక మండలంలో కొన్నేళ్ళు వీవోఏగా పనిచేశాను. పొదుపు సంఘాల లెక్కలు రాయడం నా పని. కానీ మీటింగుల్లో లోన్ల తర్వాత ఎక్కువగా వచ్చే మాట పిల్లల గురించే. కాబట్టి ఈ అర్జీల వ్యవహారం దగ్గర నుంచి చూశాను. అర్జీ పెట్టండి. అయితే "అంగన్‌వాడీ కావాలి" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకండి. అది మంజూరైనా మీ బడి పిల్లలు బడికి తిరిగి రాకపోవచ్చు.

ఎందుకంటే అంగన్‌వాడీలో రోజంతా కూర్చోబెట్టి, వండి పెట్టేది మూడేళ్ళు నిండిన వాళ్ళకి. 2013 ఆహార భద్రత చట్టం చూసినా అంతే: మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి కేంద్రంలోనే వేడి అన్నం, ఆరు నెలల నుంచి మూడేళ్ళ లోపు వాళ్ళకి ఇంటికి పట్టుకెళ్ళే సరుకు. చిన్నపిల్లలకి బాలామృతం ప్యాకెట్ ఇస్తారు, బరువు తూస్తారు, టీకాల రోజు పిలుస్తారు, అంతే. మీ ఐదో తరగతి అమ్మాయి చంకలో ఉన్నది ఏడాదిన్నర వాడు. వాణ్ణి అప్పగించే చోటు అంగన్‌వాడీ పద్ధతిలోనే లేదు.

రెండోది టైము. మా వైపు కేంద్రాలు తొమ్మిదింటికి తెరిచి నాలుగింటికి మూసేవారు. జీడి పని అలా నడవదు. కిలోల లెక్కన కూలి కాబట్టి ఎంత బేగి వెళ్తే అంత పని. మా సంఘంలో ఒకావిడ అంగన్‌వాడీ సూపర్‌వైజర్ మేడమ్ ముందే అనేసింది: "సెంటర్ తొమ్మిదికి తీస్తారు, నాను నాలుక్కే ఎల్లిపోతాను. మద్దిలో ఐదు గంటలు గుంటణ్ణి ఎవుల్ల సేతిలో ఎట్టాల?" మేడమ్ దగ్గర జవాబు లేదు, పాపం. ఆవిడ చేతిలో ఉన్నదీ కాదు.

పిల్లల్ని పనికే తీసుకెళ్ళొచ్చు కదా అని కొంతమంది ఆఫీసర్లు అంటారు. ఒకసారి ఆ షెడ్‌లోకి వెళ్ళి చూస్తే అనరు. ఉడికించిన పిక్క పగలగొడుతుంటే కారే జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఆడవాళ్ళు చేతులకి బూడిదో నూనో రాసుకుని కూర్చుంటారు, అయినా వేళ్ళ చివర్లు నల్లబడి పొరలు లేస్తాయి. మధ్యలో పిల్లకి పాలివ్వాలంటే ముందు బకెట్ దగ్గర కూర్చుని సబ్బుతో, మట్టితో తోమి తోమి కడుక్కోవాలి. గోరు సందున మిగిలిన నూనె తగిలి పసిదాని బుగ్గ మీద పొక్కు లేచిన సంగతి నాకు తెలుసు. ఆ తల్లి మర్నాటి నుంచి పిల్లని తీసుకురావడం మానేసి, పెద్దమ్మాయిని బడి మాన్పించింది. మీ హాజరు పట్టీలో కనిపించే గైర్హాజరు వెనక ఇలాంటి కథే ఉంటుంది.

ఇక అడగాల్సిన చోట్లు రెండు. ఒకటి ప్రభుత్వం, రెండోది పరిశ్రమ.

ప్రభుత్వం వైపు మీకు ముందుగా పనికొచ్చేది సుప్రీంకోర్టు ఆర్డర్. 2001లో మొదలైన ఆహార హక్కు కేసులో 2006 డిసెంబర్ 13న కోర్టు చెప్పింది: ఆరేళ్ళలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని ఆవాసం అడిగితే, అడిగిన 3 నెలల్లోగా ఇవ్వాలి. మీ ఊళ్ళో 40 మంది ఉంటే అర్జీ మొదటి పేరాలోనే ఈ తేదీతో సహా రాయండి. లేకపోతే దీన్ని పట్టుకుని సాగదీయకండి, రెండో పేరాకి వెళ్ళిపోండి.

రెండో పేరాలో "పాల్నా" పేరు రావాలి. క్రెష్ అంటే తల్లులు పనికి వెళ్ళినప్పుడు పసిపిల్లల్ని చూసుకునే చోటు. పాత జాతీయ క్రెష్ పథకాన్నే 2022లో మిషన్ శక్తి అనే కేంద్ర మహిళా పథకం కింద పాల్నాగా మార్చి, అంగన్‌వాడీ-కమ్-క్రెష్ అన్న ఏర్పాటు తెచ్చారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ వరకు పిల్లల్ని పగలంతా ఉంచుకోవడానికి అందులో వేరే క్రెష్ వర్కర్, వేరే హెల్పర్ ఉంటారు. ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40 వంతు. ప్రతిపాదన రాష్ట్రం నుంచే వెళ్ళాలి. కాబట్టి మీ అర్జీ ఏదో ఒక ఫైల్లో చేరితే చాలదు, జిల్లా నుంచి పైకి వెళ్ళే జాబితాలో మీ ఊరి పేరు ఎక్కాలి. సీడీపీవో గారిని, అంటే అంగన్‌వాడీల పైఅధికారిని, అడగాల్సిన ప్రశ్న కూడా అదే: "పాల్నా ప్రతిపాదనల్లో మా ఊరు ఉందా, లేదా?" జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అదే ప్రశ్న కాగితం మీద పెట్టండి, 30 రోజుల్లో చెప్పి తీరాలి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తాను. "అంగన్‌వాడీ తెల్లవారుజామున ఐదింటికి తెరవాలి" అని మాత్రం రాయకండి. మన రాష్ట్రంలో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు 2023 డిసెంబర్ నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మె చేశారు. ఆనాడు టీచర్‌కి నెలకి 11,500, ఆయాకి 7,000. సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించినా కదల్లేదు. ఆ జీతానికి ఇంకో నాలుగు గంటలు అదనంగా చేయమంటే మొదట ఎదురు తిరిగేది మీ పక్క ఊరి అంగన్‌వాడీ టీచరే, ఆవిడ తప్పూ కాదు. నిజానికి ఆవిడ మీ వైపు ఉండాలి. ఏ ఇంట్లో ఎంతమంది పసివాళ్ళున్నారో, ఎవరి బరువు తగ్గుతోందో ఆవిడ రిజిస్టర్లోనూ ఫోన్లోని పోషణ్ ట్రాకర్ యాప్‌లోనూ ఉంటుంది. అర్జీ రాసే రోజు ఆవిణ్ణి కూడా కూర్చోబెట్టుకోండి.

పరిశ్రమ వైపు సంగతి వేరు. 1948 ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట క్రెష్ గది ఉండాలంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి 50 మంది ఉద్యోగులున్న సంస్థలకి క్రెష్ పెట్టారు, తల్లి రోజుకి 4 సార్లు వెళ్ళి పిల్లని చూసుకోవచ్చన్నారు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో కూడా లెక్క 50 దగ్గరే. కాగితం మీద బాగానే ఉంది. నేను చూసిన ఒక యూనిట్‌లో గది గుమ్మం మీద "శిశు సంరక్షణ గది" అని పెయింట్‌తో రాసి ఉంది, లోపల నేల నుంచి కిటికీ దాకా పిక్కల బస్తాలు. దూలానికి ఉయ్యాల కొక్కేలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇంకా చిన్న యూనిట్లలో ఆ గది కూడా ఉండదు. సగం మందిని మేస్త్రీ ద్వారా తెస్తారు, పట్టీలో పేర్లు 50 దాటవు.

అయితే 2020 సామాజిక భద్రత కోడ్‌లో మన పలాసకి అతికినట్టు సరిపోయే వాక్యం ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదని నా బాధ. కొన్ని సంస్థలు కలిసి డబ్బు వేసుకుని ఉమ్మడి క్రెష్ పెట్టుకోవచ్చు, లేదా ప్రభుత్వమో మున్సిపాలిటీయో నడిపే క్రెష్‌ని వాడుకోవచ్చు. పలాస-కాశీబుగ్గలో యూనిట్లు పక్కపక్కనే ఉంటాయి. ఒక్కొక్కరు విడివిడిగా గది కట్టనక్కర్లేదు, పది యూనిట్లు కలిసి ఒకటి నడిపితే చాలు. మీ అర్జీ మూడో పేరా ఇదే కావాలి, కార్మిక శాఖకి కూడా ఒక కాపీ వెళ్ళాలి. యజమానుల మీద ఫిర్యాదులా రాయకండి. మీ తల్లులు రేపు మళ్ళీ అదే గేటు దాటి లోపలికి వెళ్ళాలి. "ఉమ్మడి క్రెష్ కోసం యజమానులతో సమావేశం పెట్టించండి" అని అడగండి.

ఇదంతా ఊహల్లో మాటని ఎవరైనా అంటే పక్క రాష్ట్రం చూపించండి. కర్ణాటక 2023లో 4,000 గ్రామ పంచాయతీల్లో "కూసిన మనె" పేరుతో పసిపిల్లల కేంద్రాలు పెడతామని బడ్జెట్లోనే ప్రకటించింది, ఉపాధి పనికి వెళ్ళే తల్లుల కోసం.

అర్జీకి ప్రాణం మాత్రం జాబితా. చట్టాలు ఆఫీసర్లకి తెలియక కాదు. మీ ఊరు వాళ్ళకి తెలియదు. ఒక పట్టిక గీయండి. పిల్లవాడి వయసు నెలల్లో, తల్లి ఇల్లు వదిలే టైము, తిరిగొచ్చే టైము, ఆ మధ్యలో చూసేది ఎవరు, చూసేది బడి ఈడు పిల్లైతే ఏ తరగతి. ఈ చివరి గడి నింపగలిగేది మీరొక్కరే. కిందటి మూడు నెలల హాజరు నుంచి ఆ అమ్మాయిలు రాని రోజులు జత చేయండి. అప్పుడిది పసిపిల్లల సమస్యగానే మిగలదు, విద్యాశాఖ సమస్య కూడా అవుతుంది, ఆ శాఖ తప్పించుకోలేదు. రాజ్యాంగంలో చదువు హక్కు 6 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకి. ఆరేళ్ళలోపు వాళ్ళకి 45వ అధికరణంలో ప్రయత్నిస్తామన్న మాట మాత్రమే ఉంది. చంకలో ఉన్నవాడికి హక్కు లేకపోయినా ఎత్తుకున్న పిల్లకి ఉంది.

మా ఊరి సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. గ్రామసభ తీర్మానంతో, జాబితాతో వెళ్ళాక అద్దె ఇంట్లో ఉన్న అంగన్‌వాడీని ఖాళీగా పడున్న కమ్యూనిటీ హాలుకి, అంటే జీడి పనివాళ్ళ వీధి పక్కకి మార్చారు. మూడేళ్ళు దాటిన వాళ్ళ హాజరు పెరిగింది. చిన్నవాళ్ళకి ఏమీ రాలేదు. అప్పుడు సంఘంలోనే తలా కొంత వేసుకుని ఒక మామ్మకి నెలకింతని ఇచ్చి తెల్లవారుజాము నుంచి తొమ్మిదిదాకా చూడమన్నాం. ఒక సీజన్ బ్రహ్మాండంగా నడిచింది, ముగ్గురు ఆడపిల్లలు బడికి వచ్చారు. మామ్మకి మోకాళ్ళు పట్టేయడంతో ఆగిపోయింది, ఆ డబ్బుకి ఇంకెవరూ ముందుకి రాలేదు. దాతలతో నడిపినా ఇదే గతి అని నా అభిప్రాయం. ప్లే స్కూల్ అయితే మూడేళ్ళ వాడికి పలక ఇచ్చి అక్షరాలు దిద్దించి ఫీజు అడుగుతుంది, ఏడాదిన్నర వాణ్ణి చేర్చుకోదు. మీ సమస్యకి అది మందే కాదు.

వరుస చెప్పాలంటే ముందు గ్రామసభ తీర్మానం, తర్వాత సీడీపీవోకి కాపీ ఇచ్చి రసీదు, ఆ తర్వాతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే గ్రీవెన్స్. నేరుగా గ్రీవెన్స్‌కి వెళ్తే కాగితం తిరిగి సీడీపీవో దగ్గరికే వస్తుంది, నాకు చెప్పకుండా వెళ్ళారేమిటని ఆయనకి కోపం. అర్జీ మీరు ఇవ్వకండి, మీది ప్రభుత్వ ఉద్యోగం. తల్లుల సంతకాలతో సంఘం అధ్యక్షురాలు ఇస్తే బాగుంటుంది. కూలి పోతుంది కాబట్టి అందరినీ తీసుకెళ్ళక్కర్లేదు, ఇద్దరు చాలు, ఒకరి చంకలో పిల్ల ఉంటే ఇంకా మంచిది. అర్జీ నంబరు ఫోన్లో ఫోటో తీసుకోండి.

పట్టిక తయారయ్యాక పేర్లు, ఊరు తీసేసి ఇక్కడ పెట్టండి. మేం రాసిన అర్జీ నకలు నా దగ్గర ఇంకా ఉంది, మీ అంకెలకి తగ్గట్టు మార్చి పెడతాను.