ప్రాసెసర్ మార్చాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా?

ప్రశ్న: నా కంప్యూటర్ 2019 నాటిది. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు తర్వాత వేసుకున్నాను. కొత్త ఆటల్లో జనం ఎక్కువగా ఉండే వీధుల్లోకి వెళ్లగానే బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే చాలా, మొత్తం మార్చుకోవాలా?

జవాబు: లక్షణం చూస్తే ప్రాసెసర్ మీదే అనుమానం. అయినా కొనే ముందు తేల్చుకోండి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ఉచితంగా దొరుకుతుంది. దాంతో గ్రాఫిక్స్ కార్డు వినియోగ శాతం, ఫ్రేముల సంఖ్య తెర మీద కనిపించేలా పెట్టుకోండి. వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్), ఫ్రేముల పరిమితి రెండూ ఆపేయండి, లేకపోతే అంకెలు తప్పుదారి పట్టిస్తాయి. ఇప్పుడు ఇబ్బంది పెట్టే ఆ వీధిలోకే వెళ్లండి. గ్రాఫిక్స్ కార్డు 95 శాతం పైనే ఉంటే ప్రాసెసర్ మార్చినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. 60, 70 శాతానికి పడిపోతుంటే కార్డు పనిలేక ఎదురుచూస్తోందని అర్థం. రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి తగ్గించి కూడా చూడండి. ఫ్రేములు పెరగలేదంటే అడ్డు ప్రాసెసర్ దగ్గరే ఉంది.

చాలామంది పొరబడేది ఇక్కడే: టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 40 శాతమే చూపిస్తోంది కాబట్టి దానికి ఇంకా సత్తువ ఉందనుకుంటారు. 2600లో 12 థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిచే 12 పని వరుసలు, ఉన్నాయి. ఆటకు కీలకమైన ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తం లెక్కలో అది 8 శాతమే.

పైసా ఖర్చులేని పని ఒకటి ముందు చేయండి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ వేగం చూడండి. 3200 అని రాసి ఉన్న ర్యామ్ 2133 లేదా 2400 దగ్గర నడుస్తుంటే బయాస్‌లో (కంప్యూటర్ మొదలవగానే నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేయలేదన్నమాట. ర్యామ్ ఒక్క కడ్డీయే ఉన్నా, రెండూ ఒకే చానెల్‌లో (ర్యామ్ నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారి) ఉన్నా అదీ నష్టమే. నాలుగు స్లాట్ల బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి. రైజెన్‌లో కోర్ల గుంపులను కలిపే దారి మెమరీ వేగంతోనే ముడిపడి ఉంటుంది, అందుకే తేడా బాగా తెలుస్తుంది.

ఇంత చేసినా మార్పు లేకపోతే బోర్డు ఉంచేసి రైజెన్ 5 5600 వేసుకోండి. దీనికీ 6 కోర్లు, 12 థ్రెడ్లే కదా అని సందేహించకండి. 2600లో 16 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన మెమరీ) ఉంది, అదీ మూడేసి కోర్లకు 8 ఎంబీ చొప్పున పంచి ఉంది. 5600లో ఆరు కోర్లకూ కలిపి 32 ఎంబీ ఉంది, ఒక్కో కోర్ పనితనమూ చాలా ఎక్కువ. రెండూ 65 వాట్లవే కాబట్టి బోర్డు మీద కొత్త భారం పడదు. పేరు దగ్గరగా ఉందని 5500 గానీ 5600జీ గానీ తీసుకోవద్దు, వాటి క్యాష్ 16 ఎంబీయే. 96 ఎంబీ క్యాష్ ఉన్న 5800ఎక్స్3డీ ఆటలకు చాలా గొప్పది. కాకపోతే అది 105 వాట్లు, దానితో కూలర్ రాదు, మంచిది విడిగా కొనాలి. 3060తోనే కొనసాగేట్టయితే మీకు అది అనవసరం. ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5కి వెళ్తే బోర్డుతోపాటు డీడీఆర్5 ర్యామ్ కూడా కొనాలి.

ప్రశ్న: బీ450 బోర్డులో 5600 పెట్టాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. ప్రాసెసర్ చెడిపోయిందా?

జవాబు: చాలావరకు బయాస్ పాతదై ఉంటుంది. పాత ప్రాసెసర్ మళ్లీ పెట్టి, బోర్డు తయారీదారు సైట్‌లో మీ మోడల్ పేజీ తెరవండి. 5600 ఏ బయాస్ నుంచి పనిచేస్తుందో అక్కడి జాబితాలో ఉంటుంది. ఆ ఫైలును ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి బయాస్ మెనూలోంచే అప్‌డేట్ చేయండి. కొన్ని బోర్డులకు మధ్యలో మరో వెర్షన్ వేయాల్సి ఉంటుంది, ఆ సూచన చదవకుండా మొదలుపెట్టొద్దు. జరుగుతుండగా కరెంటు పోకూడదు. అప్‌డేట్ అయ్యాక ఎక్స్ఎంపీ మళ్లీ ఆన్ చేయాలి.

ప్రాసెసర్ మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి, ప్రాసెసర్‌లోని భద్రతా భాగం ఎఫ్‌టీపీఎం మారిందని విండోస్ దాన్ని అడగవచ్చు. కూలర్ తీసే ముందు పది పదిహేను నిమిషాలు ఆట ఆడి, కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, వెచ్చగా ఉండగానే కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ లేపండి. నేరుగా లాగితే ఎండిన పేస్టుకు అతుక్కుని ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, మీ బోర్డు సాకెట్ ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి కాబట్టి వంగిపోతాయి. పాత పేస్టు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది కందిగింజంత వేస్తే చాలు.

ప్రశ్న: నాది ఇంటెల్ ఐ5-7400 ప్రాసెసర్ (ఏడో తరం). అదే సాకెట్ కదా, ఎనిమిదో తరం ఐ5 పెట్టుకోవచ్చా?

జవాబు: కుదరదు. రెండింటి సాకెట్ పేరూ ఎల్జీఏ1151 అయినా ఎనిమిదో తరానికి 300 సిరీస్ బోర్డు కావాలి. మీ బోర్డులో ఐ7-7700 వరకే దారి. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు వస్తాయి గానీ విండోస్ 11 అధికారిక జాబితాలో అదీ లేదు, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ డబ్బు దాని మీద పెట్టకండి. క్యాబినెట్, ఎస్ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు అలాగే ఉంచి, బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ ఒకేసారి మార్చుకోండి. పవర్ సప్లై కూడా అంతే పాతదైతే కొత్త బోర్డుకు కావలసిన 8 పిన్నుల ప్రాసెసర్ వైరు దానికి ఉందో లేదో ముందే చూసుకోండి.