సెర్చ్ ఇండెక్సర్‌ని ఆపేయకండి, అది ఏం చదువుతోందో చూడండి

ఫైళ్లని ముందే చదివి, అడగ్గానే వెతికి ఇవ్వడానికి జాబితా (ఇండెక్స్) కట్టి పెట్టుకునే విండోస్ సెర్చ్ ఇండెక్సర్ పొద్దస్తమానం ప్రాసెసర్‌ని వాడేస్తోంది, సర్వీసు డిసేబుల్ చేస్తే పోతుందా అని ఒకరు అడిగారు. పోతుంది. అయినా ఆ పని చేయకండి. యూట్యూబ్‌లో ఏ వీడియో చూసినా సర్వీసెస్‌లోకి వెళ్లి విండోస్ సెర్చ్‌ని, అంటే ఈ ఇండెక్సర్ సర్వీసునే, ఆపేయమనే చెప్తున్నారు. ఆపేశాక ఒక ఫైలు కావాలంటే ఫోల్డర్లన్నీ విండోస్ అప్పటికప్పుడు తిరగాలి. ఏళ్ల తరబడి కాగితాలు కంప్యూటర్లో దాచుకున్న వాళ్లకి ఆ తిప్పలు ఎట్లా ఉంటాయో మా బావ షాపులో చూశాను.

మా బావ ఒంగోలులో దస్తావేజులు రాస్తాడు. ఒక మే నెలలో ఫోన్ చేసి వెంటనే రమ్మన్నాడు. వెళ్లేసరికి చీమకుర్తి నుంచి వచ్చిన వాళ్లు బెంచీ మీద కూర్చుని ఉన్నారు, రాహుకాలం రాకముందే రిజిస్ట్రేషన్ అయిపోవాలని వాళ్ల ఆదుర్దా. టైప్ చేసిన అక్షరం తెర మీదికి రావడానికే ఆలస్యం. సీపీయూ డబ్బాలో ఫ్యాన్ మోత. "ఏంది బామ్మర్దీ ఇది, ఫార్మాట్ కొట్టాలంటున్నాడు సర్వీసు కుర్రాడు" అన్నాడు బావ. ఈ ఫార్మాట్ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏమైంది అని ఒక్క నిమిషం చూడరు, సమస్య ఏదైనా మందు అదే. అంతకుముందు అదే కుర్రాడు ఇండెక్సర్ సర్వీసు ఆపి వెళ్తే, పాత లింకు డాక్యుమెంటు ఒక్కటీ దొరక్క బావే మళ్లీ ఆన్ చేయించుకున్నాడు.

టాస్క్ మేనేజర్లో పైన ఉన్నది ఇండెక్సరే. కానీ అక్కడ ఆగితే ఏమీ తెలియదు. రిసోర్స్ మానిటర్ తెరిచి, డిస్క్ ట్యాబ్‌లో సెర్చ్‌ప్రోటోకాల్‌హోస్ట్ (ఇండెక్సర్ తరఫున ఫైళ్లు చదివే ప్రోగ్రాం) పక్కన టిక్ పెట్టండి. కింద అది ఆ క్షణంలో చదువుతున్న ఫైళ్ల పేర్లు వరసగా కనిపిస్తాయి. ఈ మొత్తం వ్యవహారంలో అసలైన పని ఇదే, మిగతాదంతా దీని తర్వాత. బావ కంప్యూటర్లో కనిపించినవన్నీ డీ డ్రైవ్‌లోని బ్యాకప్ ఫోల్డర్లో ఉన్న స్కాన్ పీడీఎఫ్‌లు. కాసేపాగి చూస్తే మళ్లీ అవే పేర్లు.

జరుగుతున్నది ఏంటంటే, ఎవరో పెట్టిన బ్యాకప్ ప్రోగ్రాం ఒకటి స్కాన్ ఫోల్డర్ మొత్తాన్ని అస్తమానం డీ డ్రైవ్‌లోకి తిరగరాస్తోంది, మారని ఫైళ్లతో సహా. సెట్టింగ్స్‌లో సెర్చింగ్ విండోస్ దగ్గర క్లాసిక్ బదులు ఎన్‌హాన్స్‌డ్ ఉంది. క్లాసిక్‌లో డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ లాంటివే చూస్తుంది. ఎన్‌హాన్స్‌డ్ అంటే కంప్యూటర్ మొత్తం. ఫైల్ సిస్టం తన మార్పుల జర్నల్లో 'ఈ ఫైలు మారింది' అని రాయడం, ఇండెక్సర్ దాన్ని చూసి మళ్లీ మొదలుపెట్టడం. చదివిన దస్తావేజుల కట్టే గుమాస్తా ముందు మళ్లీ మళ్లీ పడేస్తుంటే తప్పు గుమాస్తాదా?

క్లాసిక్‌కి మార్చి, బ్యాకప్ ఫోల్డర్‌ని మినహాయింపుల జాబితాలో చేర్చాను. బ్యాకప్‌ని రాత్రికి ఒక్కసారికి కుదించాను. చీమకుర్తి వాళ్ల పని రాహుకాలానికి ముందే అయింది. రీబిల్డ్ జోలికి ఆ పగలు పోలేదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఎండాకాలంలో, షాపు తెరిచి ఉండగా, ఇండెక్స్ మొత్తం చెరిపి మొదటి నుంచి కట్టించడం తెలివైన పని కాదు. ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద ఆ బటన్ ఉంటుంది. ఇండెక్స్ నిజంగా పాడైందనిపిస్తేనే రాత్రిపూట నొక్కి వదిలేయండి. కొత్త కంప్యూటర్లోనూ, పెద్ద అప్‌డేట్ తర్వాతా కొన్ని గంటలు ఎక్కువగా తిరగడం మామూలే. మనం పని చేస్తుంటే అది వేగం తగ్గించుకుంటుంది కూడా, ఆ సంగతి ఇండెక్సింగ్ ఆప్షన్స్ కిటికీలోనే రాసి ఉంటుంది. రోజుల తరబడి 'కంప్లీట్' అని పడకపోతేనే అనుమానించాలి.

మన ప్రాంతం డీటీపీ వాళ్లకి, దస్తావేజు లేఖరులకి ఇంకో మాట చెప్పాలి. స్కాన్ పీడీఎఫ్‌లో ఉండేది బొమ్మ; అందులో ఇండెక్సర్‌కి దొరికే అక్షరాలేమీ ఉండవు. పాత డీటీపీ ఫాంట్లతో కొట్టిన తెలుగైతే మరీ అన్యాయం. తెర మీద 'క్రయ దస్తావేజు' అని కనిపిస్తుంది, ఫైల్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగాపులగం ఉంటుంది. ఇండెక్సర్ ఆ చెత్తంతా శ్రద్ధగా చదివి దాచిపెడుతుంది. మీరు తెలుగులో వెతికితే ఒక్కటీ రాదు. అలాంటి ఫైళ్లే ఎక్కువగా ఉంటే, అడ్వాన్స్‌డ్‌లో ఫైల్ టైప్స్ ట్యాబ్‌కి వెళ్లి పీడీఎఫ్‌కి, వర్డ్ ఫైళ్లకి 'ఇండెక్స్ ప్రాపర్టీస్ ఓన్లీ' (లోపలి రాత వదిలేసి ఫైలు పేరు, తేదీ లాంటివే చూడడం) పెట్టేయండి. ప్రాసెసర్‌కి బరువు అక్కడే తగ్గుతుంది.

ఏ కంప్యూటర్లోనైనా ఒక్కో అక్షరానికి ఒకే సంకేతం ఉండేట్టు పెట్టిన పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకి 1991లోనే చోటిచ్చారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి ఫాంట్ ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా మన షాపుల్లో వెతకడానికి పనికిరాని తెలుగు కొడుతూ కూర్చుంటే నాకు బాధగా ఉంటుంది. బావతో పోట్లాడి కొత్త దస్తావేజులన్నీ యూనికోడ్‌లోకి మార్పించాను. పాత వాటికి కనీసం ఫైలు పేరైనా తెలుగులో, ఊరు, సర్వే నంబరు, సంవత్సరం వచ్చేట్టు పెట్టమన్నాను. ఇప్పుడు టంగుటూరు అని కొడితే ఆ ఊరి కాగితాలన్నీ వరసగా వస్తున్నాయి, ఇండెక్సర్ ఆన్‌లోనే ఉంది.