పాత సి-క్లాస్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ పోయిందంటున్నారు, ఏం చేయాలి?

మీ ప్రశ్న చదవగానే నేను పడిన టెన్షన్ అంతా గుర్తొచ్చింది. మీది 2010 మోడల్ పెట్రోల్ సి-క్లాస్. చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది, స్కానర్ పెడితే పి0420 కోడ్ (కన్వర్టర్ పనితీరు మీద అనుమానం చెప్పేది) వచ్చింది. కన్వర్టర్, అంటే పొగను శుభ్రం చేసే డబ్బా, కొత్తది వేయాలని ఒకరు, లోపలిది పీకేసి ఖాళీ డబ్బా బిగించేద్దామని ఇంకొకరు చెప్పారు. ఏది చేయించాలని అడిగారు. దయచేసి రెండూ ఇప్పుడే చేయించకండి. కన్వర్టర్ ఊరికే పోదు, ఇంజిన్‌లో ఏదో ఒకటి దాన్ని పాడుచేస్తుంది. అదేంటో ముందు తేలాలి. తేల్చుకోకుండా వేయించి నేను రెండుసార్లు డబ్బు పెట్టాను.

నాది 2008 సి200, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. వర్షాకాలంలో శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే మిస్సింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం, మొదలైంది. డాష్‌బోర్డులో చెక్ ఇంజిన్ లైటు ఆరి వెలుగుతోంది. నిలకడగా వెలిగితే వీలు చూసుకుని చూపించుకోవచ్చు. అలా కొట్టుకుంటోందంటే మాత్రం మండని పెట్రోల్ సైలెన్సర్‌లోకి పోతోందని, బండి పక్కన ఆపమని. ఆ సంగతి నాకు అప్పుడు తెలీదు. హైదరాబాద్ తిరిగొచ్చాక కూడా రెండు వారాలు ఆఫీసుకి అందులోనే వెళ్లాను. చివరికి చూస్తే పోయింది ప్లగ్గుకి కరెంటు ఇచ్చే ఒక్క ఇగ్నిషన్ కాయిల్. దాని ప్లాస్టిక్ మీద వెంట్రుకంత నల్లటి పగులు, గోటితో గీస్తే తప్ప తెలియదు. కాయిల్ మార్చగానే ఇంజిన్ స్మూత్ అయింది. నెల తిరక్కుండానే పి0420 వచ్చింది.

కన్వర్టర్ లోపల ఉండేది పింగాణీతో చేసిన తేనెపట్టు లాంటి దిమ్మ. దాని సన్నటి గదుల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. పొగ వాటి మీదుగా పోయేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్, మండని పెట్రోల్, నైట్రోజన్ ఆక్సైడ్లు చాలావరకు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, నైట్రోజన్‌గా మారిపోతాయి. మిస్సింగ్ ఉన్నప్పుడు మండని పెట్రోల్ అక్కడికొచ్చి మండుతుంది. వేడి మితిమీరితే దిమ్మ కరుగుతుంది. నా పాత పీస్ విప్పాక టార్చి వేసి చూశాను. ఒక పక్క గదులు జల్లెడలా చక్కగా ఉన్నాయి, రెండో పక్క బెల్లం పాకం గడ్డకట్టినట్టు ముద్దయిపోయింది. ఊపితే లోపల గులకరాళ్ల చప్పుడు.

అప్పుడు చౌకలో దొరికిన పీస్ ఒకటి వెల్డింగ్ చేయించాను. నాలుగు నెలలకే అదే కోడ్ మళ్లీ వచ్చింది. ఈసారి వేరే మెకానిక్ ముందు ప్లగ్గులు విప్పి చూపించాడు. రెండింటి మొనల మీద బూడిదరంగు పెచ్చు కట్టి ఉంది. ఇంజిన్ ఆయిల్ తాగుతోంది, సర్వీసుకీ సర్వీసుకీ మధ్య నేను ఆయిల్ పోస్తూ కూడా దాన్ని పట్టించుకోలేదు. ఆయిల్‌లోని ఫాస్ఫరస్, జింక్ ఆ పూత మీద పేరుకుంటే కన్వర్టర్ కరగకుండానే పని మానేస్తుంది. ఒకప్పుడు పెట్రోల్‌లో కలిపిన సీసం చేసేదీ ఇదే పని. 1995లో నాలుగు మెట్రోల్లో కొత్త పెట్రోల్ కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేసినప్పుడు సీసం లేని పెట్రోల్ కూడా తేవాల్సి వచ్చింది ఇందుకే. ఆయిల్ మంటలోకి పోవడానికి దారిచ్చిన బ్రీదర్ వాల్వు, వాల్వ్ సీళ్లు మార్పించాక గానీ నా బండి ఆయిల్ తాగడం తగ్గలేదు. కన్వర్టర్ రెండోసారి వేయించింది ఆ తర్వాతే.

ఇక మీ బండి. పి0420 అంటే కన్వర్టర్ పోయిందని కాదు, అది సరిగా పనిచేస్తున్నట్టు కంప్యూటర్‌కి కనిపించడం లేదని. ఇంజిన్ బాగా వేడెక్కాక స్కానర్ లైవ్ డేటాలో కన్వర్టర్‌కి ముందు, వెనక ఉన్న ఆక్సిజన్ సెన్సార్లు రెండూ చూపించమనండి. వెనకది దాదాపు నిలకడగా ఉండాలి. అదీ ముందుదానిలాగే ఎగిరెగిరి పడుతుంటే కన్వర్టర్ మీద అనుమానం గట్టిపడుతుంది. అప్పుడు కూడా జాయింట్ల దగ్గర పొగ లీకేజీ లేదని చూసుకోవాలి. చిన్న లీకు చాలు, బయటి గాలి లోపలికి లాగి సెన్సార్‌ని తప్పుదారి పట్టిస్తుంది. మిస్సింగ్ కోడ్లు, అంటే పి0300 నుంచి పి0304 వరకు, ఏవైనా ఉంటే ముందు వాటి పని పట్టండి. పికప్ బాగా పడిపోయి ఉంటే దిమ్మ మూసుకుపోయిందేమో. కన్వర్టర్‌కి ముందున్న సెన్సార్ విప్పి, ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ పెడితే తెలిసిపోతుంది. ఇవేవీ చూడకుండా వెనక సెన్సార్ మార్చేద్దామంటే ఒప్పుకోకండి.

ఖాళీ డబ్బా మాట మాత్రం వద్దు. చట్టం ఒప్పుకోదు. పైగా 2010 బండికి 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది, దానికి ఆర్టీఏ దగ్గర బండి చూపించాలి, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి. అవన్నీ అటుంచి, మన వెనక స్కూటర్ మీద వచ్చేవాళ్లు, వాళ్ల ముందు నిలబడ్డ పిల్లలు పీల్చేది ఆ పొగే. దాన్ని శుభ్రం చేసే ఒక్క భాగాన్నీ చేతులారా తీసేయడానికి నాకు మనసొప్పదు.

కొత్తది కొనేటప్పుడు కంపెనీ పీస్ ధర చూసి గుండె ఆగినంత పనవుతుంది. మంచి బ్రాండ్ ఆఫ్టర్‌మార్కెట్ పీస్ అయినా పర్వాలేదు, కానీ మీ ఇంజిన్ నంబరుకు, ఉద్గార ప్రమాణానికి సరిపోయేదే అయ్యుండాలి. ఏ బండికైనా సరిపోతుందనే చౌక పీసుల్లో ఆ లోహాల పూత పల్చగా ఉంటుంది. నా మొదటిది అలాంటిదే. పాత బండ్ల నుంచి తీసినవి కొనకండి, లోపల ఎంత మిగిలిందో బయటికి తెలియదు.

బిగించేటప్పుడు గ్యాస్కెట్లు, నట్లు కొత్తవి వేయించండి. జాయింట్లకు సిలికాన్ పూయనివ్వకండి, దాని ఆవిరి సెన్సార్లను పాడుచేస్తుంది. తుప్పు పట్టిన స్టడ్లకు (నట్లు బిగించే మరలకు) ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచమనండి. నాకు ఒకటి విరిగి, దాన్ని తీయడానికే పూట పట్టింది. కోడ్ చెరిపేశాక కంప్యూటర్ మళ్లీ పరీక్ష పూర్తిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. సిటీలోనూ, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒకే వేగంతోనూ తిప్పి, అప్పుడు స్కానర్ పెట్టించండి. పాత పీస్ మాత్రం వదిలి రాకండి. అందులోని లోహాలకు స్క్రాప్ వాళ్లు మంచి డబ్బిస్తారు, దాన్ని బిల్లులో తగ్గించమని ముందే మాట్లాడుకోండి.

మీ ఇంజిన్ వెయ్యి కిలోమీటర్లకు ఎంత ఆయిల్ తాగుతోందో, ప్లగ్గులు ఎప్పుడు మార్చారో రాయండి. ఆ రెండూ తెలిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.