స్వీట్లు తినను, లావూ కాను, మరి షుగర్ ఎందుకు?

"నాకు 36. స్వీట్ల జోలికి పోను, చూడ్డానికి సన్నగానే ఉంటాను. ఆఫీసు హెల్త్ చెకప్‌లో షుగర్ బార్డర్‌లో ఉందన్నారు, ఎలా?" అని మీరు రాసి అడిగారు. నాలుగేళ్ల క్రితం నేనూ డాక్టర్‌ని అచ్చం ఇదే అడిగాను.

ఆయన నవ్వి, "రోజుకి ఎన్ని టీలు?" అన్నారు. హైదరాబాద్‌లో మాది అమెరికా షిఫ్టు, సాయంత్రం ఆరు నుంచి తెల్లవారుజాము మూడు దాకా. ఆరు టీలు. టీకి రెండు చెంచాల చొప్పున పన్నెండు చెంచాల పంచదార, అంటే దగ్గర దగ్గర 50 గ్రాములు. స్వీట్లు తినడు పాపం! తర్వాత టేపు తీసి నడుం కొలిచారు, 97 సెంటీమీటర్లు. మన మగవాళ్లకి 90 దాటకూడదట, ఆడవాళ్లకి 80. కాళ్లూ చేతులూ సన్నగా ఉన్నా పొట్టలో, లివర్‌లో చేరిన కొవ్వు, రక్తంలో చక్కెరని అదుపులో ఉంచే ఇన్సులిన్‌ని సరిగా పని చేయనివ్వదన్నారు. నా హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష, 6.2 వచ్చింది. అది 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు దశ; 6.5 వస్తే షుగరే. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే లెక్కల ప్రకారం ఈ బార్డర్‌లో ఉన్నవాళ్లు మన దేశంలో 13 కోట్లకు పైనే.

నా అసలు తప్పు టీ కూడా కాదు. మూడున్నరకి క్యాబ్ దిగి, ఆకలి మీద పళ్లెం నిండా అన్నం తిని, అరగంటలో పడుకునేవాణ్ణి. అంతకుముందు తొమ్మిది గంటలు కుర్చీలోనే. కండరాలు కదిలితే రక్తంలో చక్కెరని అవే లాక్కుంటాయి, నావి కదిలితేగా! పగటి నిద్ర ఐదు గంటలు. నిద్ర చాలకపోయినా ఇన్సులిన్ సరిగా పనిచేయదట.

అందరిలాగే మొదట కొర్రలు కొన్నాను. కొర్రన్నమే కదా అని రెండోసారి వడ్డించుకునేవాణ్ణి, ఇక లాభమేముంది? పనికొచ్చినవి వేరే. రాత్రి తొమ్మిదికే ఆఫీసులో ఇంటి డబ్బా: అన్నం సగం, కూర రెట్టింపు, ఒక గుడ్డు. తినగానే పార్కింగ్‌లో పావుగంట నడక. మొదటి వారం సెక్యూరిటీ అతను "బండి కనబడట్లేదా సార్?" అని అడిగాడు. టీలు రెండుకి తగ్గించాను, పంచదార లేకుండా. పది రోజులు నరకం, తర్వాత అలవాటైంది.

ఆరు నెలలకి నాలుగు కిలోలు తగ్గాను, హెచ్‌బీఏ1సీ 5.8కి వచ్చింది. నేను మందులు వాడలేదు కానీ మీకు అవసరమా కాదా అన్నది మీ డాక్టరే చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు, అది తప్పకుండా ఆయనకి చెప్పండి. మా నాన్నకి ఉంది.

షిఫ్టు మార్చమని రెండుసార్లు అడిగాను, కుదరదన్నారు. ఆ నిద్ర సంగతి మాత్రం ఇంకా తేలలేదు.