సెప్టెంబరు గువ్వల వేటకు వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి వంశీకి,

మావయ్య ఆశీస్సులు. సెప్టెంబరు ఒకటిన ఆఫీసు స్నేహితులతో కలిసి విచిటా ఫాల్స్ వైపు గువ్వల వేటకు వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. సాయంత్రం పూట పొద్దుతిరుగుడు చేను గట్టున కూర్చుని గువ్వలు ఎటునుంచి వస్తాయా అని చూడటం, ఈ టెక్సస్‌లో నాకు బాగా ఇష్టమైన పనుల్లో ఒకటి. కానీ "మావాళ్ళకి అన్నీ తెలుసులే అమ్మా, నేను వాళ్ళ వెంట ఉంటే చాలు" అన్నావని కూడా చెప్పింది. ఆ మాట వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకని రాస్తున్నాను.

ఇక్కడి వేట చట్టానికి గుంపుతో పని లేదు. లైసెన్స్ ఎవరిది వాళ్ళదే. కొట్టిన పిట్టల లెక్క ఎవరిది వాళ్ళదే. తప్పు జరిగితే జరిమానా కూడా ఎవరిది వాళ్ళదే. మనం ఏ పనికైనా నలుగురం కలిసి వెళ్ళి, తెలిసినవాడి మీద భారం వేసేసే అలవాటున్న వాళ్ళం. ఈ ఒక్క పనిలో ఆ అలవాటు పనికిరాదు.

అన్నిటికంటే ముందు నీ వీసా సంగతి. నువ్వింకా హెచ్‌1బీ మీదే ఉన్నావు కదా. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్‌1బీ, ఎఫ్‌1, హెచ్‌4 లాంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవాళ్ళు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మన లాంటి వాళ్ళకు అందుబాటులో ఉన్నది ఒకటే: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ చేతిలో ఉండటం. అది లేకుండా స్నేహితుడి తుపాకి అరువు తీసుకున్నా తప్పే, షూటింగ్ రేంజ్‌లో అద్దె తుపాకి పట్టుకున్నా తప్పే. ఈ నేరానికి 15 ఏళ్ళ దాకా జైలుశిక్ష పడవచ్చు, దేశం నుంచి పంపేసే ప్రమాదమూ ఉంది. నీ స్నేహితులు పౌరులో గ్రీన్‌కార్డు వాళ్ళో అయితే ఈ నిబంధన వాళ్ళకు వర్తించదు. కాబట్టి వాళ్ళు నీకు చెప్పరు. వాళ్ళకు తెలిసే అవకాశమే లేదు. "పట్టుకో, ఒక ఫోటో తీస్తా" అని ప్రేమగా తుపాకి చేతికిస్తారు. లైసెన్స్ వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది, దీన్ని రెండుసార్లు చదువు. టెక్సస్ వేట లైసెన్స్ ఏ నెలలో కొన్నా దాని గడువు ఆగస్టు 31తో తీరిపోతుంది. విచిటా ఫాల్స్ వైపు గువ్వల సీజన్ మర్నాడే మొదలు. నువ్వు రేపు తుపాకి కొనుక్కుని ఇంట్లో పెట్టుకున్నావనుకో, వచ్చే ఏడాది కొత్త లైసెన్స్ తీసుకోవడం మర్చిపోతే వేటకు వెళ్ళకపోయినా, ఇంట్లో బీరువాలో ఉన్న తుపాకే నేరమైపోతుంది. కొత్త లైసెన్సులు ఆగస్టు మధ్యలోనే అమ్మకానికి పెడతారు. ఏటా పంద్రాగస్టు జెండా పండుగ చూడగానే లైసెన్స్ గుర్తుకు రావాలి. కోడలు హెచ్‌4 మీద ఉంది కాబట్టి తుపాకి ఆమెకు అందుబాటులో ఉండకూడదు. తాళం చెవి నీ దగ్గరే పెట్టుకో. ఒకవేళ ఉద్యోగం పోయి స్టేటస్‌లో తేడా వస్తే, అప్పుడు వేట లైసెన్స్ కూడా కాపాడదు. వెంటనే ఇమిగ్రేషన్ అటార్నీతో మాట్లాడు.

ఇక లైసెన్స్ ఎలా తీసుకోవాలో చెబుతాను. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. 17 ఏళ్ళు దాటినవాళ్ళు ఆన్‌లైన్‌లోనే చేసేయొచ్చు. కోర్సుకు టైమ్ లేకపోతే 10 డాలర్లకు ఒకసారి వాయిదా వేసుకునే వీలుంది గానీ, నువ్వు ఆ దారి పట్టవద్దు. నేను ఆ తేదీకి ముందే పుట్టినవాణ్ణి, నాకు కోర్సు అక్కర్లేదు. అయినా చేశాను, చాలా నేర్చుకున్నాను.

టెక్సస్‌లో వరుసగా ఆరు నెలలు స్థిర నివాసం ఉన్నవాళ్ళకు మామూలు వేట లైసెన్స్ 25 డాలర్లు. బయటి రాష్ట్రం వాళ్ళకు జనరల్ లైసెన్స్ 315 డాలర్లు. డెన్వర్ నుంచి వస్తానన్న మీ బావమరిదికి ఈ తేడా ముందే చెప్పు, అక్కడికి వచ్చాక గొడవపడకుండా. లైసెన్స్ మీద వలస పక్షుల ఎండార్స్‌మెంట్ అని ఇంకో 7 డాలర్లు కట్టాలి. ఇది లేకుండా గువ్వని కొట్టకూడదు. అమ్మేవాడు అప్పుడే పోయినేడాది ఏమేం పిట్టలు కొట్టారని కొన్ని ప్రశ్నలు అడుగుతాడు. దాన్ని హిప్ సర్టిఫికేషన్ అంటారు, దానికి డబ్బు తీసుకోరు. కౌంటర్లో కుర్రాడు విసుగ్గా అడిగినా నువ్వు నిజమే చెప్పు. ఏటా ఎన్ని పిట్టలు కొట్టారో అంచనా వేసే సర్వేకి ఎవరిని అడగాలో దాన్నిబట్టే ఎంచుకుంటారు.

ఇంత హడావుడి ఎందుకంటావేమో. ఒకప్పుడు ఈ దేశంలో ప్యాసింజర్ పిజియన్ అనే పావురం వందల కోట్లలో ఉండేది. గుంపు ఎగిరితే గంటల తరబడి ఆకాశం కనిపించేది కాదట. లైసెన్స్ లేదు, లెక్క లేదు. రైళ్ళలో పీపాలకు పీపాలు నింపి ఊళ్ళకు పంపి అమ్ముకున్నారు. చివరికి మిగిలిన ఒక్క పిట్ట, దాని పేరు మార్తా, 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జూలో చచ్చిపోయింది. మీ వేట మొదలయ్యే తేదీ కూడా అదే. 1918లో వలస పక్షుల ఒప్పంద చట్టం వచ్చింది. ఇప్పటికీ మన సీజన్లు, లెక్కలు అన్నీ దాని కిందే నడుస్తాయి. 1937 నుంచి వేట తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం ఫెడరల్ పన్ను వేసి ఆ డబ్బు వన్యప్రాణుల కోసమే ఖర్చు చేస్తున్నారు. నువ్వు కొనే తూటాల డబ్బాలోనూ ఆ పన్ను ఉంటుంది. కట్టడం నాకెప్పుడూ బాధనిపించలేదు.

చేలోకి వెళ్ళాక ముందు తెలుసుకోవలసింది, ఏది కొట్టాలో కాదు, ఏది కొట్టకూడదో. గువ్వని ఇక్కడ డవ్ అంటారు. మోర్నింగ్ డవ్‌కి తోక పొడుగ్గా, కొసకి సన్నంగా ఉంటుంది. వైట్‌వింగ్డ్ డవ్‌కి రెక్క మీద తెల్లటి పట్టీ. ఈ రెండూ కొట్టొచ్చు. చిన్నగా, ఒళ్ళంతా చేప పొలుసుల్లా కనిపించే ఇన్కా డవ్‌నీ, దానికన్నా చిన్నదైన గ్రౌండ్ డవ్‌నీ ముట్టుకోకూడదు. మసక వెలుతురులో కెస్ట్రెల్ అనే చిన్న డేగ కూడా గువ్వలాగే దూసుకొస్తుంది. అనుమానం వస్తే వదిలేయ్. ఇంకొకటుంది, కాస్త పెద్దగా, లేత బూడిద రంగులో, మెడ వెనక నల్లటి గీతతో. దాన్ని చూడగానే ఎక్కడో చూశానే అనిపిస్తుంది. మన ఊళ్ళో కరెంటు తీగల మీద కూర్చుని మధ్యాహ్నమంతా కూసే గువ్వే అది, ఇక్కడ యూరేషియన్ కాలర్డ్ డవ్ అంటారు. 1970లలో బహామాస్‌లో పంజరాల నుంచి తప్పించుకుని, ఫ్లోరిడా మీదుగా ఇక్కడిదాకా పాకింది. అది బయటి జాతి కాబట్టి టెక్సస్‌లో దానికి సీజనూ లేదు, పరిమితీ లేదు. లైసెన్స్ మాత్రం ఉండాలి. దాన్ని కొడితే రెక్క ఈకలు పీకకుండా ఉంచు. గేమ్ వార్డెన్, అంటే వేట చట్టం అమలు చేసే అధికారి, వచ్చి సంచి చూసినప్పుడు తేడా తెలియాలి కదా.

రోజుకి మనిషికి 15 గువ్వలు. వైట్‌టిప్డ్ అనే రకమైతే ఆ పదిహేనులో రెండుకి మించకూడదు, కానీ అవి దక్షిణాన ఉంటాయి, నీకు కనపడవు. ఇంట్లో ఫ్రిజ్‌తో సహా నీ దగ్గర మొత్తం 45కి మించి ఉండకూడదు. ఇక్కడే మనవాళ్ళు దొరికిపోతారు. నలుగురూ కలిపి ఒకే ఐస్‌బాక్సులో అరవై పిట్టలు వేసేస్తారు. బాగా గురిచూసేవాడు తన పదిహేను అయిపోయాక పక్కవాడి వాటా కూడా కొట్టిపెడతాడు. అది తప్పు. నీ పదిహేను అయ్యాయా, తుపాకి ఖాళీ చేసి పక్కన పెట్టి కూర్చో. నీ పిట్టలు నీ సంచిలో వేరుగా ఉంచుకో. ఎవరికైనా ఇచ్చి పంపితే దాని మీద నీ పేరు, చిరునామా, సంతకం, ఏ రకం, ఎన్ని, ఏ రోజు కొట్టావో రాసిన చీటీ కట్టాలి. కొట్టిన పిట్టని వెతక్కుండా వదిలేయడం కూడా నేరమే. గడ్డిలో పడింది, కనబడలేదని ఇంకోదాన్ని కొట్టకు. ముందు దాన్ని వెతుకు. అన్నట్టు, ఈ మాంసం అమ్మకూడదు. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులో వేపుడు వండి పెట్టు, నీ ఇష్టం. ప్లేటుకి ఇంత అని మాత్రం తీసుకోకూడదు.

తుపాకి గొట్టం 10 గేజ్ కంటే లావుగా ఉండకూడదు (గేజ్ అంకె తగ్గేకొద్దీ గొట్టం లావవుతుంది), అందులో మొత్తం మూడు తూటాలే పట్టాలి. అంతకంటే ఎక్కువ పట్టే తుపాకికి లోపల ప్లగ్ వేసుకోవాలి. అరువు తెచ్చిన తుపాకి అయితే ఇంట్లోనే విప్పి ప్లగ్ ఉందో లేదో నువ్వే చూసుకో. కాల్చే వేళలు సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం దాకా. ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే, మీ ఫ్రిస్కో టైమ్ చూసుకుని విచిటా ఫాల్స్‌లో కాల్చకు. సీజన్ తేదీలు ఏటా మారతాయి, ఉత్తర, మధ్య, దక్షిణ జోన్లకు వేరువేరు. టెక్సస్ వన్యప్రాణి శాఖ, అదే పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ అవుట్‌డోర్ యాన్యువల్ యాప్ ఫోన్‌లో వేసుకో, అందులో చూసిందే నమ్ము.

చేను సంగతి జాగ్రత్తగా విను. గువ్వలు రావాలని గింజలు చల్లిన చోట వేటాడటం నేరం. గింజలు పూర్తిగా ఎత్తేసినా ఆ తర్వాత పది రోజులదాకా అక్కడ కాల్చకూడదు. అక్కడే పండిన పొద్దుతిరుగుడుని కోసి నేలమీద పడేస్తే గువ్వల వేటకి తప్పు లేదు, బయటినుంచి తెచ్చి చల్లితే తప్పు. "నాకు తెలియదండీ, డబ్బు కట్టి వచ్చాను" అంటే వార్డెన్ వినడు. చూసుకుంటే తెలిసేదా లేదా అన్నదే చట్టం అడిగే ప్రశ్న. ఫెడరల్ చట్టం కింద 15,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. అందుకని రైతుని నోరు తెరిచి అడుగు. తర్వాత నువ్వే చేలో నాలుగడుగులు వేసి నేల చూడు. పొద్దుతిరుగుడు చేలో గోధుమలో మొక్కజొన్నలో కుప్పగా కనిపిస్తే కారెక్కి వచ్చేయ్.

కంచె దాటి పెల్లెట్లు (తూటాలోంచి వచ్చే చిన్న గుండ్లు) పక్కవాడి భూమిలో పడకూడదు, అతను రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప. నీ పిట్ట అటు పడినా అడగకుండా కంచె దాటకు. టెక్సస్‌లో భూమంతా దాదాపు ప్రైవేటుదే, ఆ రైతు చెప్పిందే నీకు హద్దు. వచ్చేటప్పుడు ఖాళీ షెల్స్ అన్నీ ఏరి తీసుకురా, మళ్ళీ ఏడాది పిలుస్తాడు.

గువ్వలు తల ఎత్తులోనే దూసుకొస్తాయి. వాటి వెంట తుపాకి తిప్పుతూ పక్కవాడి మీదికి తీసుకెళ్ళడం, సెప్టెంబరులో ఇక్కడ ఆస్పత్రులకు మనుషుల్ని పంపేది అదే. పిట్ట వెనక ఆకాశం కనిపిస్తేనే కాల్చు. ఎవరు ఎటు కాల్చాలో మొదలుపెట్టకముందే చెప్పుకోండి. కళ్ళజోడు తప్పనిసరి. బీరు డబ్బాలు తుపాకులన్నీ కార్లలో పెట్టేశాకే తెరవాలి. ఎవరైనా ముందే తెరిస్తే మొహమాటపడకు, నువ్వు లేచి వచ్చేయ్.

నవంబరులో బాతుల వేటకు కూడా పిలుస్తారు. దానికి 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంప్ వేరే కావాలి. సీసం తూటాలు వాడకూడదు, 1991 నుంచి దేశమంతటా అదే నిబంధన. అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం.

మన ఊరి గురించి ఒక మాట. నువ్వు గువ్వల ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెడితే అక్కడ మన పిల్లలకి సరదా పుడుతుంది, ఎయిర్‌గన్ పట్టుకుని చెరువు గట్టుకు బయల్దేరతారు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట లైసెన్సులు ఉండేవి, 1991 సవరణతో అవి పోయాయి. అక్కడ డబ్బు కట్టి తెచ్చుకునే పర్మిట్ అంటూ ఏదీ లేదు. కౌజులైనా బాతులైనా అడవి పిట్టని కొడితే కేసే. తేలినీలాపురంలో, ఉప్పలపాడులో ఊరివాళ్ళే కాపలా ఉండి కొంగల్ని కాపాడుతున్నారు. మనవాళ్ళు తుపాకి పట్టడం చూస్తే వాళ్ళ మొహం ఎలా చూస్తాం? ఫోటోలు పెట్టకు.

పాపని కూడా తీసుకెళ్తానన్నావట. తీసుకెళ్ళు. చూడటానికైతే దానికి లైసెన్స్ అక్కర్లేదు. చెవులకు మఫ్స్, కళ్ళజోడు, టోపీ, బోలెడు మంచినీళ్ళు పట్టుకెళ్ళు, గడ్డిలో పాములుంటాయి కాబట్టి బూట్లు వెయ్యి. తుపాకి మాత్రం ఈ ఏడాది దాని చేతికివ్వకు. నీ కోర్సు సర్టిఫికెట్, లైసెన్స్ రెండూ వచ్చాక ఫోటో తీసి నాకు పంపించు, అప్పుడు నా ఇరవై గేజ్ షాట్‌గన్ ప్లగ్ వేసి నీకిస్తాను.

మీ మావయ్య