ఆ 7 ఏమిటో రాయి

తమ్ముడూ,

నువ్వు బిల్లుల డేటాబేస్ కోసం రాసి పంపిన ప్రొసీజర్ (డేటాబేస్‌లోనే ఉండి నడిచే ప్రోగ్రాం) చదివాను. క్వెరీలు బాగానే రాశావు. కామెంట్లు, అంటే చదివేవాళ్ల కోసం కోడ్ మధ్యలో రాసే మాటలు, చూస్తే మాత్రం ఒళ్లు మండింది. ఇన్సర్ట్ పైన ‘ఇక్కడ ఇన్సర్ట్ చేస్తున్నాం’, కమిట్ పైన ‘కమిట్ చేస్తున్నాం’. అది కోడే చెబుతోంది కదా! అదే వేర్ క్లాజులో, ఏ బిల్లులు తీసుకోవాలో చెప్పే షరతులో, స్టేటస్ 7 ఉన్న బిల్లులు వదిలేశావు చూడు, అక్కడ ఒక్క ముక్క లేదు. ఏమిటా 7? ఎవరు వదిలేయమన్నారు? చదివేవాడికి కావలసింది అదే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బిల్లింగ్ ప్యాకేజీ నా నెత్తిన పడింది. రాసినాయన ఎప్పుడో కంపెనీ మారిపోయాడు. అందులో కొన్ని బ్రాంచీలకు మాత్రం లేట్ ఫీజు సున్నా. బగ్ అనుకుని అందరూ తీసేయమన్నారు. నేను తీయలేదు. అకౌంట్స్ సెక్షన్‌లో పాత గుమస్తా దగ్గరికెళ్లి కూర్చుంటే, ఆయన బీరువాలోంచి ఒక సర్క్యులర్ తీసి చూపించాడు. వరదలొచ్చిన ఊళ్లకు మాఫీ అట! ఆ సర్క్యులర్ నంబరు, తేదీ కోడ్ పక్కన రాసి పెట్టాను. తర్వాత వచ్చిన టీమ్ లీడ్ ‘మంచి కోడ్‌కు కామెంట్లు అక్కర్లేదు’ అంటూ దాన్ని చెరిపేయించాడు. ఆ ఫ్యాషన్ ఇంకా పోలేదు. వేరియబుల్‌కు ఎంత చక్కటి పేరు పెట్టినా అందులో సర్క్యులర్ పట్టదయ్యా!

నువ్వు చెప్పాల్సింది టేబుల్‌లో ఒక కాలమ్‌కున్న అర్థమే అయితే, దాన్ని డేటాబేస్‌లోనే పెట్టు. అందుకు కామెంట్ ఆన్ కాలమ్ అనే కమాండ్ ఒరాకిల్ డేటాబేస్‌లోనూ ఉంది, పోస్ట్‌గ్రెస్‌లోనూ ఉంది. నీ ప్రొసీజర్ ముఖం ఎన్నడూ చూడని రిపోర్టుల వాళ్లకూ అది దొరుకుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో వ్యూ (పేరు పెట్టి దాచుకునే క్వెరీ) రాసేటప్పుడు మరీ జాగ్రత్త. ఫంక్షన్ బాడీలో కామెంట్లు సాధారణంగా అలాగే ఉంటాయి గానీ, వ్యూ క్వెరీలో రాసినవి డేటాబేస్ దాచుకోదు. అక్కడ కామెంట్ ఆన్ వ్యూ వాడు.

ఇక నీ ఇండెక్స్ హింట్ చూసుకో, ఫలానా ఇండెక్స్ వాడమని డేటాబేస్‌కు ఇచ్చే సూచన. స్లాష్, స్టార్, వెంటనే ప్లస్ వస్తే అది ఉత్త కామెంట్ కాదు, క్వెరీ ఎలా నడపాలో నిర్ణయించే ఒరాకిల్ ఆప్టిమైజర్ దాన్ని చదువుతుంది. నువ్వు టేబుల్‌కు అలియాస్ (మారుపేరు) పెట్టి, హింట్‌లో అసలు పేరు రాశావు. ఎర్రర్ కూడా ఇవ్వకుండా ఒరాకిల్ దాన్ని పక్కన పెట్టేస్తుంది. అలియాస్ రాసి సరిచెయ్యి. ఆ హింట్ ఎందుకు అవసరమైందో, ఏ నెల డేటా మీద క్వెరీ ప్లాన్ (ఆప్టిమైజర్ ఎంచుకున్న దారి) చూశావో పక్కనే రాయి. రేపు డేటా పెరిగాక దాన్ని ఉంచాలో తీయాలో అప్పటివాళ్లకు తెలియాలి.

ఉంటాను మరి.