సీనియర్ వెళ్ళిపోతున్నాడు, కోడ్ నా చేతికొస్తోంది: కేటీలో ఏం అడగాలి?

నోటీస్ పీరియడ్‌లో ఉన్న సీనియర్ రోజూ కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే తనకి తెలిసింది అప్పజెప్పడం) ఇస్తున్నాడు, అన్నీ రికార్డ్ చేస్తున్నాం, అయినా టెన్షన్‌గా ఉంది అన్నారు. ఉంటుంది మరి. ఆ రికార్డింగులు తర్వాత తెరిచి చూసినవాళ్ళని నేనింతవరకు చూడలేదు.

వింటూ కూర్చోవడం ఆపండి. రేపటి నుంచి డిప్లాయ్‌మెంట్ మీరు చేయండి, ఆయన్ని పక్కన కూర్చోమనండి. కొత్త టికెట్ వస్తే మీరే తీసుకుని రివ్యూ మాత్రం ఆయనతో చేయించండి. రివర్స్ కేటీ (నేర్చుకున్నది మీరే ఆయనకి చేసి చూపించడం) అని ప్లాన్‌లో చివర్న పడేస్తారు కదా, దాన్ని ముందుకి లాగండి.

నేనొక పేమెంట్ సెటిల్‌మెంట్ కోడ్ తీసుకున్నప్పుడు ఫైల్ చదివే ముందు ఒక స్లీప్ (కోడ్‌ని కాసేపు ఆపే లైన్) ఉండేది, పక్కన 'తీసేయొద్దు' అని కామెంట్, ఎందుకో మాత్రం రాయలేదు. కేటీ స్లైడ్లలోనూ లేదు. "అన్నా, ఇదెందుకు?" అంటే అప్పటి సీనియర్ నవ్వాడు. అవతలివాళ్ళు ఎస్ఎఫ్‌టీపీలో (సురక్షితంగా ఫైళ్ళు పంపే పద్ధతి) ఫైల్ ఇంకా ఎక్కిస్తుండగానే మన జాబ్ లేచి సగం ఫైల్ చదివేసేదట, అదీ నెలాఖరులోనే, అప్పుడు ఫైల్ పెద్దది కాబట్టి. మీరు అడగాల్సినవి ఇవే. కోడ్ ఏం చేస్తుందో చదివితే తెలుస్తుంది, ఎందుకలా రాశారో ఆయన ఉండగానే తెలుసుకోవాలి. గిట్ బ్లేమ్ (ఏ లైన్ చివరిగా ఎవరు మార్చారో చూపించే కమాండ్) కొంత పనికొస్తుంది కానీ ఎవరైనా మొత్తం కోడ్ మీద ఫార్మాటర్ (కోడ్ అమరికని సర్దే టూల్) నడిపి ఉంటే అది మార్చిన లైన్లన్నిటికీ వాళ్ళ పేరే వస్తుంది. గిట్ 2.23 నుంచి అలాంటి కమిట్‌ని (ఒకసారి గిట్‌లో ఎక్కించిన మార్పుని) వదిలేసి చూసే ఆప్షన్ ఉంది, వాడుకోండి.

ఇంకోటి, ఆయన ఐడీ మీద నడుస్తున్నవి: క్రాన్ జాబులు (టైమ్‌కి వాటంతటవే నడిచేవి), పర్సనల్ టోకెన్లు (పాస్‌వర్డ్ బదులు వాడేవి), ఆయన ఒక్కడికే వచ్చే సర్టిఫికెట్ ఎక్స్‌పైరీ మెయిల్స్. ఆయన ఆఫీసులో ఉండగానే ఆ ఐడీని ఒక పూట డిసేబుల్ చేయించి ఏవి ఆగిపోతాయో చూడండి. మేనేజర్ గొణుగుతాడు, పర్లేదు. గిట్‌హబ్ కోడ్‌ఓనర్స్ ఫైల్‌లో (ఏ కోడ్ రివ్యూ ఎవరికి వెళ్ళాలో రాసే ఫైల్) ఆయన పేరు తీసేసి టీమ్ పేరు పెట్టండి, మీ పేరు కాదు, రేపు మీరూ మారతారు.

టికెట్ లేని బగ్గులు, "తర్వాత చూద్దాం" అని వదిలేసినవి ఆయనకి చాలానే తెలిసుంటాయి. మేనేజర్ ఉన్న కాల్‌లో అవి చెప్పడు. టీకి తీసుకెళ్ళి అడగండి.